ఏ గన్ కొన్నావని అడిగేముందు

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోనూ, చుట్టుపక్కల రైల్వే క్వార్టర్లలోనూ ఈ ప్రసంగం వింటున్న తెలుగువాళ్ళ కోసం ముఖ్యంగా ఈ మాటలు. ఈ పూట షూటింగ్ గురించి మాట్లాడుకుందాం. వేట కాదు, యుద్ధం కాదు. పది మీటర్ల దూరంలో పెట్టిన కాగితం మీది నల్లటి గుండ్రాన్ని ఎయిర్ రైఫిల్‌తోనో, ఎయిర్ పిస్టల్‌తోనో గురి చూసి కొట్టే ఆట. ఈ ఆట నేర్చుకుందామని ఒక పిల్లవాడో, ఒక అమ్మాయో, రిటైరైన ఒక పెద్దమనిషో మొదటిసారి షూటింగ్ రేంజికి వస్తారు. అక్కడివాళ్ళు చాలాసార్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది. "ఏ గన్ కొన్నావు?" అడిగినవాళ్ళకి చెడ్డ ఉద్దేశం ఉండకపోవచ్చు. కానీ విన్నవాళ్ళ మనసులో అది ఇంకోలా పడుతుంది. గన్ లేకపోతే ఇక్కడ చోటు లేదేమో అనిపిస్తుంది. చవకరకం గన్ అయితే చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. రెండోరోజు రారు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే మాట. కొత్తవాళ్ళని ఏ గన్ కొన్నావని అడగొద్దు. క్లబ్బు గన్ తీసి వాళ్ళ చేతిలో పెట్టండి. ఎందుకలా చెయ్యాలో కారణాలు చెప్తాను. కాదనేవాళ్ళ మాటలు కూడా చెప్పి, వాటికి నాకు తోచిన జవాబు ఇస్తాను.

గన్‌ని బట్టి మనిషిని కొలిచే ఈ డాబు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే మన ఊరి చరిత్రలోకే ఒకసారి వెళ్ళాలి. ఖరగ్‌పూర్‌ని రైల్వే పట్నంగా కట్టింది బెంగాల్ నాగపూర్ రైల్వే. బి.ఎన్.ఆర్. అంటే పెద్దవాళ్ళకి వెంటనే తెలుస్తుంది. కోస్తా ఆంధ్ర నుంచి మనవాళ్ళు వర్క్‌షాపు పనికీ, లైను పనికీ ఇక్కడికి రావడం మొదలుపెట్టింది ఆ రైల్వే కాలంలోనే. ఆ రైల్వేకి సొంతంగా ఒక వాలంటీర్ రైఫిల్ దళం ఉండేది. 1920లో ఆక్సిలరీ ఫోర్స్ చట్టం వచ్చాక అది బి.ఎన్.ఆర్. బెటాలియన్‌గా కొనసాగింది. 1947తో ఆ కథ ముగిసింది. ఆ దళంలో చోటు యూరోపియన్లకీ, ఆంగ్లో ఇండియన్లకీ మాత్రమే. అదే రైల్వేలో చెమటోడ్చిన తెలుగు ఖలాసీకి ఆ రైఫిల్ ముట్టుకునే హక్కు లేదు. దానికి ముందే 1878 ఆయుధ చట్టం ఉంది. దాని కింద భారతీయుడు ఆయుధం ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి. యూరోపియన్లకి చాలాకాలం మినహాయింపు. అంటే తుపాకీ అనేది మన దేశంలో చాలా ఏళ్ళపాటు హోదాకి గుర్తుగా బతికింది. ఎవరి చేతిలో ఉంది అన్నదే ముఖ్యం. గురి ఎంత బాగుంది అన్నది తర్వాతి సంగతి.

స్వాతంత్ర్యం వచ్చాక 1951లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఏర్పడింది. దాని మొదటి అధ్యక్షుడు లోక్‌సభ తొలి స్పీకరు మావలంకర్. ఆయన పేరుమీద ఇప్పటికీ అఖిల భారత పోటీలు జరుగుతున్నాయి. అయినా ఆట వెంటనే మామూలు ఇళ్ళలోకి రాలేదు. ఆ రోజుల్లో మన దేశానికి పేరు తెచ్చిన షూటర్ బికనీర్ మహారాజా కర్ణీసింగ్. 1960 నుంచి 1980 వరకు ఐదు ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు. 1962లో కైరో ప్రపంచ పోటీల్లో రజతం గెలిచారు. గొప్ప ఆటగాడు, సందేహం లేదు. కానీ మందుగుండు, విదేశీ తుపాకులు, సొంత రేంజి అందుబాటులో ఉన్నవాళ్ళ ఆటగానే జనం దాన్ని చూశారు. అక్కడి నుంచి 2024 ఆగస్టు ఒకటో తేదీకి రండి. పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల పోటీలో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుసాలే ఎవరు? కొల్హాపూర్ జిల్లాలోని ఒక పల్లెటూరి కుర్రాడు. అప్పటికి సెంట్రల్ రైల్వేలో టికెట్ కలెక్టరు. రైల్వే క్వార్టర్లలో ఉన్నవాళ్ళు ఈ మాట కొంచెం ఆగి వినాలి. ఖలాసీని దూరంగా నిలబెట్టిన ఆటలో, రైల్వే టికెట్ కలెక్టరు ఒలింపిక్ పతకం మెడలో వేసుకున్నాడు. తలుపు తెరిస్తే ఎవరు లోపలికి వస్తారో ముందుగా ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు అసలు ప్రశ్న. గన్ ఖరీదుదైతే గురి బాగా కుదురుతుందా? దీనికి జవాబు ఆట కొలతల్లోనే ఉంది. కొంచెం లెక్క చెప్తాను, ఊహించుకుంటూ వినండి. ఎయిర్ పిస్టల్‌కి ముందు ఒక సైట్ ఉంటుంది. అది నిలువుగా ఉన్న చిన్న ముక్క. వెనక ఇంకో సైట్ ఉంటుంది. దానికి మధ్యలో ఒక గాడి. వెనక గాడిలో ముందు ముక్క సరిగ్గా మధ్యన కనిపించాలి. ఈ రెండింటికీ మధ్య దూరం సుమారు 30 సెంటీమీటర్లు. లక్ష్యం పది మీటర్ల దూరంలో ఉంది. ఇప్పుడు ముందు ముక్క గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగిందనుకోండి. ఆ ఒక్క మిల్లీమీటరు పది మీటర్ల దూరం వెళ్ళేసరికి 33 మిల్లీమీటర్లవుతుంది. పిస్టల్ టార్గెట్ మీద పది మార్కుల గుండ్రం వెడల్పు పదకొండున్నర మిల్లీమీటర్లే. అంటే పది రావలసిన చోట ఆరు వస్తుంది. అదే సైట్లు రెండూ సరిగ్గా కలిసి ఉండి, చెయ్యి మొత్తం ఐదు మిల్లీమీటర్లు పక్కకి ఊగితే ఏమవుతుంది? పెల్లెట్, అంటే గన్‌లోంచి వెళ్ళే చిన్న గుండు, కూడా ఐదు మిల్లీమీటర్లే పక్కకి పోతుంది. అప్పటికీ పదే వస్తుంది. మళ్ళీ చెప్తాను. చెయ్యి ఐదు మిల్లీమీటర్లు ఊగినా పది. సైట్ ఒక్క మిల్లీమీటరు తప్పితే ఆరు. కొత్తవాళ్ళు చెయ్యి వణుకుతోందని భయపడతారు. వణుకు కాదు వాళ్ళని ఓడించేది. ట్రిగ్గర్‌ని గబుక్కున లాగడంతో సైట్లు చెదిరిపోతాయి. అదీ ఓడించేది. ట్రిగ్గర్‌ని మెల్లగా, తిన్నగా వెనక్కి నొక్కడం నేర్పేవాళ్ళు కావాలి. అది ఏ దుకాణంలోనూ దొరకదు.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. 1996లో ఫిన్లాండ్ పరిశోధకులు అగ్రశ్రేణి రైఫిల్ షూటర్లనీ, ఎప్పుడూ రైఫిల్ పట్టనివాళ్ళనీ కొలత పలకల మీద నిలబెట్టి, ఒళ్ళు ఎంత ఊగుతుందో కొలిచారు. ట్రిగ్గర్ నొక్కబోయే ఆఖరి క్షణాల్లో ఆరితేరినవాళ్ళ ఒళ్ళు ఇంకా నిలకడగా మారింది. కొత్తవాళ్ళలో ఆ మార్పు రాలేదు. అలాగే కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన జోన్ వికర్స్ అనే పరిశోధకురాలు ఆటగాళ్ళ చూపు మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. చెయ్యి కదిలేముందు చూపు ఒక్కచోట నిలిచే ఆ కొద్ది సమయానికి ఆమె పెట్టిన పేరు క్వయెట్ ఐ. 2000లో అమెరికాలో రైఫిల్ షూటర్ల మీద జరిగిన అధ్యయనంలో నిపుణుల చూపు కొత్తవాళ్ళ చూపు కన్నా ఎక్కువసేపు నిలకడగా నిలబడిందని తేలింది. కాళ్ళ నిలకడ, చూపు నిలకడ, వేలి నిలకడ. ఈ మూడూ మనిషిలో ఉండేవే. ఇవి వచ్చేదాకా గన్ ఎంత ఖరీదుదైనా దాని గొప్పతనం కాగితం మీద కనిపించదు.

మన ఇళ్ళలో అందరికీ తెలిసిన సంగతితో దీన్ని పోల్చి చూడండి. సైకిల్ తొక్కడం ఎలా నేర్చుకుంటారు? వెనకటి రోజుల్లో సైకిల్ షాపులో గంటకింత అని అద్దె ఇచ్చి తెచ్చేవారు. సీటు అందదు. ఫ్రేములోంచి కాలు దూర్చి తొక్కేవారు. బ్రేకు సరిగ్గా ఉండేది కాదు, బెల్లు ఉండేది కాదు. వెనక ఒక అన్నయ్యో, బాబాయో సీటు పట్టుకుని పరిగెత్తేవాడు. నేర్పింది ఆ చెయ్యి. సైకిల్ కంపెనీ పేరు అడిగి నేర్పినవాళ్ళు ఎవరూ లేరు. ముందు సొంత సైకిల్ కొనుక్కురా, అప్పుడు చూద్దాం అని ఆ అన్నయ్య అని ఉంటే ఎంతమంది నేర్చుకునేవాళ్ళు? తొక్కడం వచ్చాక, రోజూ డ్యూటీకి పది కిలోమీటర్లు వెళ్ళాల్సి వచ్చినప్పుడు మంచి సైకిల్ కొనుక్కున్నారు. అప్పుడు ఏది మంచిదో వాళ్ళకే తెలిసింది. షూటింగ్‌లో కూడా వరస ఇదే. ముందు అద్దె సైకిల్ లాంటి క్లబ్బు గన్, వెనక పట్టుకునే చెయ్యి. సొంత గన్ తర్వాత.

మరి సొంత గన్ ఎప్పుడు కొనాలి? ఇది కొత్తవాళ్ళ నుంచి, వాళ్ళ తల్లిదండ్రుల నుంచి తప్పకుండా వచ్చే ప్రశ్న. దీనికి ఒక తేలిక పరీక్ష ఉంది. కాగితం, కలం దగ్గర లేకపోయినా గుర్తుండిపోతుంది. టార్గెట్ కాగితాన్ని తిప్పి పెట్టండి. నల్ల గుండ్రం గోడవైపు, తెల్లవైపు మీవైపు. తెల్లకాగితం మధ్యలో గురి పెట్టి కూర్చునే కాల్చండి. బల్ల మీద మడిచిన దుప్పటి వేసి, దాని మీద మీ ఎడమ అరచెయ్యి పెట్టి, ఆ అరచేతిలో రైఫిల్ ఆనించండి. స్ప్రింగ్ గన్ అయితే బిగించి పట్టొద్దు. బల్లకి నేరుగా ఆనించొద్దు. ఎగిరిపడుతుంది, రంధ్రాలు చెదిరిపోతాయి. ఐదు పెల్లెట్లు కాల్చండి. ఐదు రంధ్రాలూ ఎంత దగ్గరగా పడ్డాయో చూడండి. దీన్ని గ్రూప్ అంటారు. ఇప్పుడు ఇంకో కాగితం పెట్టి, లేచి నిలబడి, ఐదు కాల్చండి. ఆ గ్రూప్ చూడండి. కూర్చుని కాల్చిన గ్రూప్ రూపాయి బిళ్ళ కింద దాక్కుని, నిలబడి కాల్చిన గ్రూప్ అరచెయ్యంత వెడల్పు ఉంటే అర్థమేమిటి? గన్ తన పని చేస్తోంది. తేడా అంతా మనలో ఉంది. నిలబడిన గ్రూప్ కూర్చున్న గ్రూప్‌కి దగ్గరగా వచ్చేదాకా కొత్త గన్ కొంటే మన గురి మారదు, బీరువాలో డబ్బు తగ్గుతుంది. మళ్ళీ ఒకసారి. కూర్చుని ఐదు, నిలబడి ఐదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరి సలహా అక్కర్లేదు, ఆ కాగితాలే చెప్తాయి. ఈ పరీక్షలో ఇంకో మేలు కూడా ఉంది. కూర్చుని కాల్చినా రంధ్రాలు చెల్లాచెదురుగా పడుతున్నాయనుకోండి. ఇంకోసారి, వేరే మనిషి చేత కాల్పించినా అలాగే పడితే, గన్‌కి మరమ్మతు కావాలి. లేదా పెల్లెట్లు దానికి సరిపడడం లేదు. అప్పుడు కొత్తవాళ్ళని నిందించకూడదు.

ఇక కాదనేవాళ్ళ మాటలు విందాం. మొదటి మాట బలమైనదే. పైస్థాయి పోటీల్లో గన్ లెక్కలోకి రాదంటే ఎలా అంటారు. నిజం, లెక్కలోకి వస్తుంది. ఎయిర్ రైఫిల్ టార్గెట్ మీద పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు. పెల్లెట్ వెడల్పు నాలుగున్నర మిల్లీమీటర్లు. అంటే చుక్క కన్నా పెల్లెట్ తొమ్మిది రెట్లు పెద్దది. అక్కడ దశాంశాల్లో గెలుపోటములు తేలతాయి. ఆ స్థాయికి జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, ఇటలీ నుంచి వచ్చే మ్యాచ్ గన్లు కావాలి. వాటి ధర లక్షల్లో ఉంటుంది. 2008లో బీజింగ్‌లో స్వర్ణం గెలిచిన అభినవ్ బింద్రా తన రైఫిల్‌లో ఒక్క చిన్న మార్పుని కూడా వదలకుండా పట్టించుకున్నారు. 2021లో టోక్యోలో మను భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో చెడిపోయి, ఆమె ఫైనల్‌కి చేరలేకపోయారు. కాబట్టి సామాను అనవసరం అని నేను అనడం లేదు. సామాను ఎప్పుడు అవసరమో చెప్తున్నాను. అర మిల్లీమీటరు కోసం పోరాడేవాళ్ళకి ఉన్న అవసరాన్ని, పెల్లెట్లు టార్గెట్ కాగితం బయట పడుతున్నవాళ్ళ నెత్తిన పెట్టకూడదు.

పారిస్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ ఫొటో చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు. మామూలు కళ్ళజోడు, చెవుల్లో చిన్న ప్లగ్గులు, ఒక చెయ్యి జేబులో. 51 ఏళ్ళ వయసులో, మిక్స్‌డ్ ఎయిర్ పిస్టల్‌లో తన జోడీ తర్హాన్‌తో కలిసి రజతం గెలిచారు. ఈ ఫొటో చూపించి సామాను ఏదీ అక్కర్లేదని వాదించేవాళ్ళున్నారు. అది కూడా సరైన వాదన కాదు. ఆయనకది ఐదో ఒలింపిక్స్. చేతిలో ఉన్నది పోటీ పిస్టలే. ఆయన వదిలేసింది ప్రత్యేక కళ్ళజోడునీ, కంటి మూతల్నీ. అదే పారిస్‌లో దక్షిణ కొరియా అమ్మాయి కిమ్ యేజి ఆ ప్రత్యేక కళ్ళజోడే పెట్టుకుని రజతం గెలిచింది. ఇద్దరూ గెలిచారు. నాకు ఇందులో కనిపించేది ఒకటే. ఎవరికి ఏది కుదురుతుందో వాళ్ళు ఏళ్ళ సాధన మీద తెలుసుకున్నారు. కొత్తవాళ్ళకి ఆ తెలుసుకునే సమయం ఇవ్వాలి. ఖరీదైన షూటింగ్ జాకెట్ వేసుకొచ్చినవాళ్ళని చూసి నవ్వడం కూడా ఒక రకం డాబే. యాభై ఏళ్ళు దాటాక, పిల్లల చదువులైపోయాక, దాచుకున్న డబ్బుతో మంచి రైఫిల్ కొనుక్కుని వచ్చిన పెద్దాయన కూడా కొత్తవాడే. ఆయనకీ అదే మర్యాద దక్కాలి.

రెండో అభ్యంతరం కోచ్‌ల నుంచి వస్తుంది. నాసిరకం గన్‌తో నేర్చుకుంటే చెడ్డ అలవాట్లు పడతాయి అంటారు. ఇందులో సగం నిజం ఉంది. పన్నెండేళ్ళ పిల్లకి ఐదు కిలోల రైఫిల్ ఇస్తే నడుము వంకర తిరుగుతుంది. భుజానికి ఆనే భాగం పొడవు ఎక్కువైతే మెడ చాపి చూడాల్సి వస్తుంది. ఇవి నిజమైన ఇబ్బందులే. కానీ ఇవి కొలత కుదరకపోవడం వల్ల వచ్చినవి, ధర తక్కువ కావడం వల్ల కాదు. లక్షలు పోసిన గన్ కూడా ఒంటికి కుదరకపోతే అంతే చేటు చేస్తుంది. అందుకని క్లబ్బులో బరువు తక్కువ గన్ ఒకటి, పొడవు సర్దుకునే గన్ ఒకటి ఉండాలి. చిన్నపిల్లలకి స్టాండు మీద ఆనించి కాల్చే ఏర్పాటు ఉండాలి. జాకెట్ సంగతీ అంతే. రైఫిల్ జాకెట్ నడుముకీ, వీపుకీ ఊతమిస్తుంది, స్కోరు పెంచుతుంది. అందుకే అంతర్జాతీయ నిబంధనలు దాని బట్ట మందం రెండున్నర మిల్లీమీటర్లు దాటకూడదని కట్టడి చేశాయి. మొదటి నెలల్లో మాత్రం ఒళ్ళు తనంతట తాను ఎలా నిలబడుతుందో తెలియాలి. జాకెట్ లేకుండా నిలబడడం వచ్చినవాళ్ళకి జాకెట్ వేస్తే బాగా పనికొస్తుంది. పిస్టల్ నేర్చుకునేవాళ్ళకైతే ఇంట్లోనే సాధన ఉంది. ఒక లీటరు నీళ్ళ సీసా సుమారు కిలో బరువు. దాన్ని చెయ్యి చాపి పట్టుకుని, గోడ మీద ఒక గుర్తుని చూస్తూ, పదిహేను సెకన్లు నిలబడాలి. దించాలి. మళ్ళీ ఎత్తాలి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఖర్చూ లేదు.

మూడో మాట భద్రత. కొత్తవాళ్ళని తేలిగ్గా రానిస్తే ప్రమాదం కదా అంటారు. ఇక్కడ నేను పూర్తిగా వాళ్ళ పక్షమే. భద్రత విషయంలో రాజీ పడకూడదు. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి. కాల్చనప్పుడు గొట్టంలో రంగు తాడు, అంటే సేఫ్టీ ఫ్లాగ్, దూర్చి ఉంచాలి. గన్ ఖాళీగా ఉందని దూరం నుంచే అందరికీ కనిపించాలి. ఎవరైనా టార్గెట్ వైపు నడిస్తే ఎవరూ గన్ ముట్టుకోకూడదు. పెల్లెట్లు సీసంతో చేసినవి. కాల్చాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఏమీ తినకూడదు. ఇవన్నీ మొదటి రోజే, గన్ ముట్టుకోకముందే చెప్పాలి, గట్టిగా చెప్పాలి. అయితే ఒకటి గమనించండి. ఈ నియమాల్లో ఒక్కదానికీ గన్ ధరతో సంబంధం లేదు. పతకాలు గెలిచినవాళ్ళకీ, నిన్న చేరినవాళ్ళకీ ఇవే నియమాలు. కసరడం వేరు, కఠినంగా ఉండడం వేరు. ఇంకో సంగతి కూడా ఉంది. చిన్నబుచ్చితే మనిషి ప్రశ్న అడగడం మానేస్తాడు. గన్ ఖాళీగా ఉందో లేదో తెలియక, అడిగితే నవ్వుతారేమోనని ఊరుకున్న మనిషే రేంజిలో అందరికన్నా ప్రమాదకరం. కాబట్టి కొత్తవాళ్ళని ఆదరించడం భద్రతకి అడ్డం కాదు, భద్రతలో భాగమే.

నాలుగోది డబ్బు. క్లబ్బు గన్లు ఎవరు కొంటారు, ఎవరు బాగుచేయిస్తారు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. లెక్క ఇలా చూడండి. పది మంది పిల్లలు చేరితే పది కుటుంబాలు పది గన్లు కొనడం ఒక దారి. పది మందికీ కలిపి మూడు గన్లు ఉంచి, వంతుల వారీగా కాల్పించడం రెండో దారి. ఏడాది తిరిగేసరికి ఆ పది మందిలో కొందరు మానేస్తారు. ఏ ఆటలోనైనా అంతే. మొదటి దారిలో మానేసిన ప్రతి కుటుంబం ఇంట్లో ఒక గన్ మూలన పడి ఉంటుంది. రెండో దారిలో ఏదీ వృథా కాదు. మన దేశంలోనే తయారయ్యే ఎయిర్ రైఫిళ్ళు నేర్చుకోవడానికి చక్కగా సరిపోతాయి. జాతీయ నిబంధనల కింద ఓపెన్ సైట్ ఎయిర్ రైఫిల్‌కి విడిగా పోటీలు ఉన్నాయి. చిన్న రంధ్రంలోంచి చూసే ఖరీదైన పీప్ సైట్ లేనివాళ్ళకి అది మంచి మొదటి మెట్టు. చట్టం సంగతి కూడా చాలామందికి తెలియదు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం గొట్టం వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్ళు మించని ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. కొనేముందు తాజా నియమం ఏమిటో డీలరు దగ్గర, పోలీస్ స్టేషన్‌లో కనుక్కోవడం మంచిది. ఇక స్థలం. కాల్చేచోటు నుంచి టార్గెట్ దాకా పది మీటర్లు. వెనక నిలబడడానికి, ముందు పెల్లెట్లు ఆపే ఇనప రేకుకి ఇంకో మూడు నాలుగు మీటర్లు. పక్క తలుపులు మూసే వీలున్న పొడవాటి హాలు చాలు. ఖరగ్‌పూర్ ఆటలు తెలియని ఊరు కాదు. సెర్సా స్టేడియం ఉన్న ఊరిది. టికెట్ చెకింగ్ ఉద్యోగం చేస్తూ క్రికెటర్ ధోనీ ఆడిన ఊరిది. పదిహేను మీటర్ల హాలు ఇక్కడ దొరకని వస్తువు కాదు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు. ఆయనకి రైఫిల్ కొనడానికి తండ్రి స్థలం అమ్మేశారని దేశమంతా చదివింది. అందరూ ఆ తండ్రిని మెచ్చుకున్నారు. మెచ్చుకోవాల్సిందే. కానీ నాకు ఆ కథ వెనక ఇంకో ప్రశ్న కనిపిస్తుంది. అమ్మడానికి స్థలం లేని తండ్రుల పిల్లల సంగతేమిటి? రైల్వే క్వార్టర్‌లో ఉంటూ, రిటైరైతే ఎక్కడికి వెళ్ళాలో ఆలోచించుకునే కుటుంబం ఏది అమ్ముతుంది? నారంగ్‌కే ఈ ప్రశ్న తోచిందేమో తెలియదు గానీ, 2011లోనే ఆయన పవన్ సింగ్‌తో కలిసి గన్ ఫర్ గ్లోరీ అనే శిక్షణ సంస్థ మొదలుపెట్టారు. అందులో శిక్షణ పొందిన హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్‌కి పుట్టుకతో వినికిడి లేదు. 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు. ఈ అబ్బాయి మొదటిరోజు రేంజికి వచ్చినప్పుడు మాట వినిపించదు కదా, ఎలా నేర్పుతాం అని వెనక్కి పంపేసి ఉంటే? హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018 జాతీయ పోటీల్లో పదమూడేళ్ళకే మను భాకర్‌ని దాటి సీనియర్ ఎయిర్ పిస్టల్ స్వర్ణం గెలిచింది. తర్వాత హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. ఇక్కడ మన బెంగాల్‌లో కోల్‌కతా షూటర్ జయదీప్ కర్మాకర్ 2012లో లండన్‌లో నాలుగో స్థానంలో నిలిచారు. పతకం అంగుళం దూరంలో తప్పిపోయిన మనిషి, తర్వాత అకాడమీ పెట్టి హుగ్లీ జిల్లా అమ్మాయి మెహులీ ఘోష్‌ లాంటివాళ్ళకి నేర్పారు. మెహులీ 2018 కామన్‌వెల్త్ క్రీడల్లో రజతం గెలిచింది. పతకాల కోసమే ఆదరించమని నేను అనను. వచ్చినవాళ్ళలో చాలామంది ఏ పతకమూ గెలవరు. ఆదివారం పూట గంటసేపు ఊపిరి నిదానంగా పీల్చి, మనసు ఒక్కచోట నిలిపి, ముందు వారం కన్నా మంచి గ్రూప్ వేసి ఇంటికెళ్తారు. అది కూడా చాలా విలువైన పనే.

చివరిగా ఒక వాదన మిగిలింది. పాతవాళ్ళ మనసులో ఉంటుంది, పైకి అరుదుగా వస్తుంది. మేం కష్టపడి, అప్పులు చేసి గన్లు కొన్నాం, వీళ్ళకి తేరగా దొరకాలా అని. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆలోచించండి. పదిమంది లేని రేంజి ఎన్నాళ్ళు నిలుస్తుంది? కరెంటు బిల్లు, టార్గెట్ కాగితాలు, కోచ్ జీతం ఇవన్నీ కొత్త సభ్యుల మీద ఆధారపడ్డవే. మీ ఖరీదైన రైఫిల్‌కి పోటీ కావాలన్నా, పక్క లేన్‌లో ఎవరో నిలబడాలి. ఆ ఎవరో ఇవాళ గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రావాలా వద్దా అని చూస్తున్న పిల్లే కావచ్చు.

అందుకని ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోనూ, ఇతర చోట్లా ఈ ఆట తెలిసిన పెద్దలకి నా విన్నపం. ఈసారి కొత్తవాళ్ళు వస్తే ముందు పేరు అడగండి. భద్రతా నియమాలు నిదానంగా చెప్పండి. మీ గన్ కానీ, క్లబ్బు గన్ కానీ ఇచ్చి ఐదు పెల్లెట్లు కాల్పించండి. కాగితం తిప్పి, తెల్లవైపు కాల్పించండి. స్కోరు చెప్పొద్దు, గ్రూప్ చూపించండి. రెండోరోజు ఏ పూట రావాలో చెప్పి పంపండి. పిల్లల తల్లిదండ్రులకి కూడా ఒక మాట. పిల్లవాడు అడిగాడని వెంటనే గన్ కొనకండి. మూడు నెలలు క్లబ్బు గన్‌తో కాల్చనివ్వండి. కూర్చుని ఐదు, నిలబడి ఐదు, ఆ రెండు కాగితాలూ ఇంటికి తెమ్మనండి. అవి చూశాకే డబ్బు తియ్యండి. క్లబ్బు పెట్టాలనుకునే యువకులు మొదటి చందాతో ఒక ఖరీదైన గన్ కొనొద్దు. మూడు మామూలు గన్లు, ఒక ఇనప రేకు, ఒక కట్ట టార్గెట్ కాగితాలు కొనండి. మిగిలిన డబ్బుతో నేర్పే మనిషిని పెట్టుకోండి.